వరంగల్‌లో మీరు చేసే సాయంలో మీ ఇంటివాళ్లకూ చోటు: ఏ దారి ఎవరికి కుదురుతుంది?

డల్లాస్, లండన్, దుబాయ్... ఎక్కడ ఉన్నా పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, జగిత్యాల వైపు సొంతూరికి ఏదో ఒకటి చేస్తూ ఉండే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. బడికి బెంచీలు, చదువుకునే పిల్లలకు కాలేజీ ఫీజులు, ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు ఒక పూట అన్నం. చేసేది మంచి పనే. కాకపోతే చాలా ఇళ్లలో అది ఒక్కరి పనిగానే మిగిలిపోతోంది. భర్త డబ్బు పంపుతాడు, ఎంత పంపాడో భార్యకు తెలియదు. పిల్లలకు ఆ ఊరి పేరు కూడా సరిగా తెలియదు. హనుమకొండలో ఉండే అమ్మానాన్నలకు మాత్రం "మీ కొడుకుతోని మాకూ ఒక మాట చెప్పరాదుండ్రి" అనే ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఇంటిల్లిపాదీ కలిసి చేద్దాం అనుకున్నవాళ్ల ముందు మామూలుగా నాలుగు దారులుంటాయి. సెలవుల్లో పిల్లలను తీసుకొచ్చి స్వయంగా పనిచేయడం, ఇక్కడున్న ఇంటి పెద్దల చేతుల మీదుగా నడిపించడం, రిజిస్టరైన సంస్థతో కలవడం, పుట్టినరోజో సంవత్సరీకమో వచ్చినప్పుడు ఆ ఒక్కరోజు సాయం చేయడం. నేను హనుమకొండలో ఉంటూ చుట్టాలకు, స్నేహితులకు ఇలాంటి పనుల్లో తోడు తిరుగుతుంటాను. చూసినదాన్ని బట్టి ఏది ఎవరికి కుదురుతుందో చెబుతాను. గల్ఫ్‌లో ఉండేవాళ్ల లెక్క వేరు కాబట్టి వాళ్ల గురించి విడిగా రాశాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు తేలాల్సింది, మీరు శంషాబాద్‌లో విమానం ఎక్కాక ఆ పనిని ఎవరు చూస్తారు అన్నది. బడికి కంప్యూటర్లు కొనివ్వడానికి ఒక్కరోజు చాలు. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఒకటి పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, ఇప్పుడున్న పెద్దసారు బదిలీ అయితే కొత్త సారుకు ఎవరు చెబుతారు? వీటికి జవాబు దొరికితేనే పని నిలుస్తుంది. ఇక్కడ బాధ్యత తీసుకునే మనిషి ఉన్నారా లేదా అన్నదాంతోనే మీ ఎంపిక సగం తేలిపోతుంది.

ఆ తర్వాత ఇంట్లోవాళ్ల మనసు. "మనకే ఇంకా లోన్లున్నయి కదా" అని భార్య అంటే అది పిసినారితనం కాదు, అడగాల్సిన మాటే. ఊళ్లో ఉండే అన్నకు ఇంకో రకం బాధ ఉంటుంది. తమ్ముడు బడికి లక్షలిచ్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. అమ్మానాన్నలను ఆసుపత్రులకు తిప్పుతూ, వాళ్ల మందులు చూసుకుంటూ రోజూ కష్టపడే అన్న పేరు ఎక్కడా వినపడదు. ఆయనను అడగకుండా మొదలుపెట్టిన పనికి ఆయన తోడు దొరకదు. ఏడాదికి ఎంత ఖర్చుపెడతాం, ఎన్నేళ్లు చేస్తాం అన్నది వదినా మరదళ్లతో సహా అందరూ వింటుండగా తేల్చుకోవాలి. మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, అందరికీ తెలిసిన మొత్తం కావాలి.

పిల్లల వయసు, వాళ్లకు తెలుగు ఎంతవరకు వచ్చు అన్నది మూడోది. ఆరేళ్ల పాపకు, పదహారేళ్ల అబ్బాయికి ఒకే పని కుదరదు.

సాయం తీసుకునేవాళ్ల మర్యాద కూడా చూడాలి. ఫీజు కట్టించుకున్న అమ్మాయి రేపు ఇంజినీరై అదే ఊళ్లో తలెత్తుకుని తిరగాలి. చెక్కు పట్టుకుని నిలబడ్డ ఆమె ఫొటో మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి ఊరి గ్రూపులోకి రావడానికి ఎంతోసేపు పట్టదు.

చివరిది పాస్‌పోర్ట్. డబ్బు ఏ దారిన రావచ్చో దాన్ని బట్టి మారుతుంది, కింద వివరంగా చెబుతాను.

## పిల్లలను వెంట తీసుకొచ్చి పనిచేయడం

అందరూ మొదట ఆశపడేది ఇదే. కుదిరితే దీనికి మించింది లేదు కూడా. తాత చదివిన బడి, ఆ బడిలో ఇప్పుడు చదివే పిల్లలు, వాళ్లతో ఖోఖో, మధ్యాహ్నం వాళ్ల పక్కనే కూర్చుని తినే అన్నం... ఇవి వీడియో కాల్‌లో దొరకవు.

తేదీల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. తెలంగాణలో బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. మే నెలలో వస్తే బడికి తాళం, బయట నిప్పులు చెరిగే ఎండ. అమెరికాలో బడులు మే చివరనో జూన్‌లోనో మూసి, ఆగస్టులోనో సెప్టెంబర్ మొదట్లోనో తెరుస్తారు కాబట్టి వాళ్లకు జూన్ మూడో వారం నుంచి జూలై దాకా బాగా కుదురుతుంది. లండన్ వైపు పిల్లలకు జూలై చివరగ్గానీ సెలవులు రావు, వాళ్లకు ఆగస్టు మేలు. డిసెంబర్ చివర్లో అమెరికా పిల్లలకు సెలవులుంటాయి, ఇక్కడ బడులు నడుస్తుంటాయి, చల్లగానూ ఉంటుంది. దొరికేవి రెండు వారాలే అయినా చిన్నపిల్లలున్నవాళ్లకు నేను ఆ రోజులే చెబుతాను. దసరాకు వస్తే బతుకమ్మ చూపించవచ్చు గానీ దాదాపు రెండు వారాలు బడులుండవు.

ములుగు, భూపాలపల్లి వైపు పని పెట్టుకున్నవాళ్లు వానల సంగతి మరిచిపోవద్దు. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. జూలై, ఆగస్టుల్లో వాగులు దాటి వెళ్లే ఊళ్లకు పిల్లలతో ప్రయాణం పెట్టుకోకండి. ఆ నెలల్లో జ్వరాలు కూడా ఎక్కువ, దోమతెర తప్పనిసరి.

"మా బాబు ఇంగ్లిష్ నేర్పిస్తాడు" అని తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. పన్నెండేళ్ల పిల్లాడు పదిరోజుల్లో ఎవరికీ ఇంగ్లిష్ నేర్పలేడు. అదే వయసు పిల్లలతో కలిసి కూర్చుని రెండు భాషల్లో కథలు చదవగలడు, వాళ్ల దగ్గర తెలుగు పద్యం ఒకటి నేర్చుకోగలడు. నేర్పడానికి వచ్చానన్న పిల్లలకన్నా ఆడుకోవడానికి వచ్చామన్న పిల్లలే ఇక్కడ త్వరగా కలిసిపోవడం చూశాను. రోజుకో ఊరు తిప్పకుండా, ఒకే బడికి వరసగా పొద్దున పూట పంపండి. మూడో రోజుకు పేర్లు పెట్టి పిలుచుకుంటారు.

అనుమతులు ముందే చూసుకోవాలి. సర్కారు బడికి పెద్దసారును అడగడంతో పాటు జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు నుంచి కాగితం తీసుకుంటే ఆయనకు ఇబ్బంది ఉండదు. ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలలకైతే ఏటూరునాగారంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్లతో మాట్లాడాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) లేక టూరిస్టు వీసాపై వచ్చేవాళ్లకు, జీతభత్యాలు లేని స్వచ్ఛంద పని నెలరోజుల లోపైతే చేయవచ్చు. ఓసీఐ ఉన్నా పరిశోధన, జర్నలిజం, మతప్రచారం లాంటి వాటికి 2021 మార్చి నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. యూనివర్సిటీ ప్రాజెక్టు కోసం కోయ గూడేల్లో సర్వే చేస్తానని వచ్చే అమ్మాయికి ఇది వర్తిస్తుంది.

ఇందులో పెద్ద లోటు ఖర్చు. అమెరికా నుంచి నలుగురు వచ్చిపోయే టికెట్ల డబ్బుతో ఇక్కడ చాలామంది పిల్లల ఫీజులు తీరతాయి. అందుకే కేవలం సేవ కోసమని టికెట్లు కొనొద్దంటాను. అమ్మమ్మను, తాతను చూడటానికి ఎటూ వచ్చే ఏడాదిలో ఇది కలపండి. రెండో లోటు ఇంట్లో పెద్దవాళ్ల అలసట. మనవలు వస్తున్నారంటే నీళ్ల క్యాన్ల నుంచి కారు దాకా అన్నీ వాళ్లే చూస్తారు. దానికి తోడు బడి పనులు కూడా వాళ్ల నెత్తిన పెట్టకండి.

## ఇంటి పెద్దల చేతుల మీదుగా

నన్నడిగితే ఎక్కువ కుటుంబాలకు ఇదే సరైన మొదటి మెట్టు. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సింగరేణి ఉద్యోగులు ఎంతమందో ఉన్నారు. వాళ్ల పిల్లలే విదేశాల్లో ఉంటారు. ఏ బడిలో నిజంగా ఏది అవసరమో, ఎవరి మాట నమ్మాలో వాళ్లకు తెలుసు. ఇంకా చేయగలిగిన ఓపికా ఉంటుంది. కొడుకు పంపింది పంచిపెట్టే పనిగా కాకుండా తమ సొంత పనిగా నడిపిన పెద్దల్లో ఎంత ఉత్సాహం వస్తుందో దగ్గరగా చూశాను.

దీన్ని ఇంటి పనిగా మార్చేది నెలకోసారి కూర్చునే వీడియో కాల్. ఆదివారం రాత్రి 8 గంటలకు ఇక్కడ కూర్చుంటే, వేసవిలో డల్లాస్‌లో పొద్దున 9:30, లండన్‌లో మధ్యాహ్నం 3:30, దుబాయ్‌లో సాయంత్రం 6:30. చలికాలంలో డల్లాస్, లండన్‌లలో గంట ముందు. అందరూ మెలకువగా ఉండే సమయమే. ఆ కాల్‌లో తాత సంగతులు చెప్పాలి, మనవరాలు లెక్క చదవాలి. పది పన్నెండేళ్ల పిల్లలు ఎక్సెల్‌లో జమాఖర్చులు చక్కగా రాస్తారు. "ఈ నెల బస్ పాసులకు ఎందుకు ఎక్కువైంది తాతా?" అని మనవరాలు అడిగితే, హసన్‌పర్తి నుంచి కాలేజీకి వచ్చే అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో తాత చెబుతాడు. ఎవరికి ఇవ్వాలన్న దగ్గర పిల్లల మాట కూడా లెక్కలోకి తీసుకోండి. నిర్ణయంలో వాటా లేకపోతే రెండు నెలల్లో వాళ్లు కాల్‌కు రావడం మానేస్తారు.

ఇబ్బందులు లేకపోలేదు. అడిగేవాళ్ల ఒత్తిడంతా పెద్దవాళ్ల మీద పడుతుంది. కాదంటే చుట్టరికం చెడుతుంది, సరేనంటే "వాళ్ల వాడకట్టోళ్లకే ఇచ్చుకున్నరు" అన్న మాట వస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఇంటికి బయటివాళ్లు ఇద్దరిని కలుపుకోవాలి. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, ఇంకొకరు ఊరి మహిళా సంఘం నడిపే ఆమె అయితే మంచిది. ఎవరికి ఇస్తాం, ఎంతవరకు ఇస్తాం అన్నది కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అప్పుడు బాపు "నా ఒక్కని చేతుల లేదు బిడ్డా, అందరం కూసోని తేల్చుకోవాలె" అని ఏ మొహమాటం లేకుండా అనగలుగుతాడు. ఫీజులు నేరుగా కాలేజీ ఖాతాకే కట్టండి. పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగోలేని నెలల్లో ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోవాలి.

ఇక డబ్బు. భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఇంటి అవసరాల కోసం పంపుకోవడానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలో (ఎఫ్‌సీఆర్‌ఏ) మినహాయింపు ఉంది. ఏడాదికి 10 లక్షలు దాటితే మాత్రం తీసుకున్నవాళ్లు మూడు నెలల్లోగా కేంద్ర హోంశాఖకు తెలపాలి. అయితే ఆ డబ్బును నాన్న చేతి మీదుగా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టుకు ఇప్పిస్తే కుదరదు. ఎంతమంది చేతులు మారి వచ్చినా చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు ఈ దారి పట్టేముందు హనుమకొండలోనే మంచి సీఏను కలవండి. పెద్ద వయసులో అమ్మానాన్నలకు నోటీసుల టెన్షన్ తెచ్చిపెట్టకూడదు.

## రిజిస్టరైన సంస్థతో కలవడం

ఇక్కడ ఇంటి పెద్దలు ఎవరూ లేకపోయినా, తోబుట్టువులందరూ బయటే ఉన్నా, మొత్తం పెద్దదైనా ఇదే దారి. విదేశీ పౌరులైతే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ అమల్లో ఉందో లేదో ముందు చూడాలి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాలన్నీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే ముందుగా రావాలి, అందులో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. "ఢిల్లీ అకౌంట్ ఎందుకు, ఇక్కడి అకౌంట్‌లో వేయండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. విరాళాలపై వచ్చే 80జి పన్ను రాయితీ ఇండియాలో పన్ను కట్టేవాళ్లకు పనికొస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. అమెరికాలో పన్ను తగ్గాలంటే ఇక్కడి సంస్థకు నేరుగా ఇస్తే రాదు, అక్కడ లాభాపేక్ష లేనిదిగా 501(సి)(3) గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా రావాలి.

కుటుంబం మాటకొస్తే ఇందులో దూరం ఎక్కువ. రసీదు వస్తుంది, ఏడాదికోసారి రిపోర్టు వస్తుంది, అది మీ మెయిల్‌లోనే ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లకు పని కావాలంటే మీరే అడగాలి. డిగ్రీ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించడం, పదో తరగతి వాళ్లకు ఆదివారం లెక్కల క్లాసు లాంటివి మంచి సంస్థలు సంతోషంగా ఒప్పుకుంటాయి. హైస్కూల్ చదివే మీ పిల్లలకు ఇవి బాగా సరిపోతాయి.

## వేడుక రోజున చేసే సాయం

తాత సంవత్సరీకానికి ఎంజీఎం దగ్గర అన్నదానం, పెళ్లిరోజుకు బడికి పుస్తకాలు. తేలిక, అందరికీ అర్థమయ్యేది, అమ్మకు తృప్తినిచ్చేది. మొదలుపెట్టడానికి మంచిదే. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఆ రోజున రక్తదానం కూడా చేయవచ్చు.

అనాథాశ్రమంలో మీ పిల్లల పుట్టినరోజు కేక్ కోయడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఏ పిల్లలకైతే తల్లిదండ్రులు లేరో వాళ్లను వరసలో నిలబెట్టి, మన బిడ్డకు మనం చేసే ముద్దు చూపించినట్టవుతుంది. అలాంటి పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటోలు పెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం కూడా నిషేధించింది, జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. ఇవ్వదలిస్తే ఏం కావాలో నిర్వాహకులను అడిగి, కెమెరా తీయకుండా ఇచ్చి రండి.

| | పిల్లలతో వచ్చి | ఇంటి పెద్దలతో | సంస్థతో | వేడుక రోజున |
|---|---|---|---|---|
| పిల్లలకు దక్కేది | అన్నిటికన్నా ఎక్కువ | నెలనెలా కొంత, తాత తోడు | అడిగి తీసుకుంటేనే | ఆ రోజు వరకే |
| ఇక్కడి పెద్దల మీద బరువు | ఎక్కువ | ఎక్కువ, పంచుకుంటే తగ్గుతుంది | దాదాపు ఉండదు | తక్కువ |
| మీరు వెళ్లాక పని | ఎవరో చూడాలి | నడుస్తుంది | నడుస్తుంది | అక్కడితో ముగుస్తుంది |
| విదేశీ పౌరులకు డబ్బు దారి | సీఏను అడగాలి | సీఏను అడగాలి | ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే సూటి | సీఏను అడగాలి |

## గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన అన్నదమ్ముల సంగతి పైదానికి తలకిందులు. భార్యాపిల్లలు ఇక్కడే ఉంటారు, మనిషి ఒక్కడే అక్కడ. సాయం కూడా చాలావరకు అక్కడే జరుగుతుంది. క్యాంపులో జబ్బుపడ్డ తోటివాడిని ఆసుపత్రికి తీసుకుపోవడం, జీతం అందనివాడికి తిండి పెట్టడం, చనిపోయినవాళ్ల శవాన్ని ఇంటికి చేర్చడం. ఇంట్లోవాళ్లు భయపడతారని చాలామంది చెప్పరు. తర్వాత అప్పు ఇచ్చిన సంగతి ఇంకొకరి ద్వారా తెలిసి, "మనకే మిత్తి కట్టుడు అయితలేదు, ఊరోళ్లకు పంచుతున్నవా" అని గొడవవుతుంది.

ఇలాంటి ఇంట్లో డబ్బుకన్నా పనిని పంచుకోవడమే మంచిది. అక్కడ మనిషి చనిపోతే భర్త కాగితాల కోసం ఎంబసీ చుట్టూ తిరుగుతాడు. ఇక్కడ ఆ ఇంటికి వెళ్లి పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆధార్, పాస్‌పోర్ట్ జిరాక్సులు సర్దిపెట్టాలి, దరఖాస్తు రాసిపెట్టాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో 5 లక్షల సాయం ప్రకటించింది. శవాన్ని తెప్పించే ఖర్చుకు దిక్కులేనివాళ్లను భారత ఎంబసీల్లోని ప్రవాసుల సంక్షేమ నిధి ఆదుకుంటుంది. ఈ రెండింటి గురించీ తెలియక అప్పుచేసే ఇళ్లుంటాయి. భార్య, కాలేజీకి వెళ్లే కొడుకు ఆ పని నేర్చుకుంటే, భర్త అక్కడ చేసే దాంట్లో వాళ్లూ సగం అవుతారు. దుబాయ్‌లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక: అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపులో చందాలు వసూలు చేయడం అక్కడ నేరం. మనసు మంచిదైనా కేసు తప్పదు.

## ఎవరికి ఏది

పిల్లలు పదేళ్ల లోపు, ఇక్కడ తాత, నాయనమ్మ ఓపికగా ఉన్నారంటే రెండో దారి పట్టండి, వచ్చిన ఏడాది మొదటిది కలపండి. పిల్లలు హైస్కూల్లో ఉంటే, తెలుగు మాట్లాడగలిగితే, ఒక్కసారి సెలవుల్లోనైనా తీసుకురండి. కాలేజీకి వెళ్లాక వాళ్లకు తీరిక దొరకదు. తెలుగు రాదంటే ముందు ఏడాది సంస్థ ద్వారా ఆన్‌లైన్ క్లాసులతో మొదలుపెట్టి, పరిచయమైన పిల్లల దగ్గరికే తీసుకురండి. ఇంట్లో ఒకరికి ఇష్టం లేకపోతే వేడుక రోజు సాయంతో ఆపి, ఏడాది ఆగండి. బలవంతంగా లాక్కొచ్చినవాళ్లు పనిలో కలవరు.

ఏ దారైనా, పిల్లల చదువుకు సాయం చేసేవాళ్లు మొదటి కాల్‌లోనే ఒక లెక్క వేసుకోవాలి. ఉద్యోగాలు పోతున్న రోజులివి. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. మీరు ఆపితే బీటెక్ రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయి ఏమైపోతుంది? కాబట్టి ఈ ఏడాది ఎందరికి ఇవ్వగలం అని చూడకుండా, ఎందరికి కోర్సు పూర్తయ్యేదాకా ఇవ్వగలమో చూసి అంతమందినే తీసుకోండి. నాలుగేళ్ల ఫీజులో కనీసం రెండేళ్లది మొదటే పక్కన పెట్టండి. పదిమందిని అనుకున్నది ముగ్గురికి తగ్గినా సరే. ఆ పక్కన పెట్టిన డబ్బు ఏ ఖాతాలో ఉందో భార్యకు, అన్నకు, పెద్ద పిల్లలకు చెప్పి ఉంచండి.